చిన్న యంత్రములు – విద్యుత్తు వంతు



మన గద్వాల చెంతనున్న జూరాల జలవిద్యుత్కేంద్రమున 39 మెగావాట్ల యంత్రములు 6 కలవు. నేను నేడు మనవి చేయబోవునది 2.5 వాట్లకు లోబడిన విషయము. అయినను నాగర్‌కర్నూలు ప్రాంతపు బోరుబావి మోటారును ఆడించు పెట్టెయందును, ధాన్యము తూచు కాటాయందును మైక్రోకంట్రోలరను గోరంత చిప్పు ఉండుటచే దీనిని మనము తెలిసికొనవలసియున్నది.

ఇట్టి చిప్పును కంప్యూటరుతో కలుపు పద్ధతియే యూఎస్‌బీ. ఇది 1996లో వెలువడినది. 2000లో వచ్చిన రెండవ కట్టుబాటు ప్రకారము తీగలో 4 పోగులుండును: 2 మాటలకు, 2 కరెంటునకు.

దీని నియమము చెరువుక్రింది నియమము వంటిదే. నీరటి వంతు ప్రకారము నీరు పెట్టును. రైతు తానే గండి కొట్టరాదు. ఇచట కంప్యూటరు నీరటి, పరికరము రైతు. తగిలించినంతనే పరికరము 100 మిల్లీ ఆంపియర్లకు మించి తీసికొనరాదు. అంతట కంప్యూటరు దాని పేరును, అక్కరను అడుగును. పరికరము చిన్న పట్టీ నొప్పగించును. అందు అక్కరను సగపు అంకెతో వ్రాయుదురు. 250 అన్నచో 500 మిల్లీ ఆంపియర్లని అర్థము. కంప్యూటరు సమ్మతించిన పిదపనే అంత వాడవలెను. ఆ పేరునుబట్టియే డ్రైవరను ప్రోగ్రాము వచ్చి, ఇరువురి నడుమ దుబాసిగా నిలుచును.

తీగపై 3 మిల్లీసెకండులు అలికిడి లేకున్నచో పరికరము నిద్రింపవలెను. నిద్రలో 2.5 మిల్లీ ఆంపియర్లే దాని వంతు. చిన్న దీపమొకటి వెలుగుచుండినను ఈ హద్దు దాటవచ్చును.

రాజోలిబండ కాలువ కొసనున్న ఆలంపురము భూముల కష్టము మీరెరిగినదే. అటులనే పొడవైన సన్నని తీగ కొసకు 5 వోల్టులు నిండుగా చేరవు. సెల్‌ఫోను సందేశము పంపు భాగము క్షణకాలము మిక్కుటముగా కరెంటు లాగును. అపుడు వోల్టేజి పడిపోయి చిప్పు మరల మొదటినుండి ఆరంభించును; సందేశము పోదు. మోటారు ఆగినదో లేదో తెలియక రైతు చీకటిలో, పాముల నడుమ, పొలమునకు నడువవలసివచ్చును. లెక్కలో జరిగిన చిన్న లోపమునకు మూల్యము ప్రాణము కావచ్చును.

కావున ఇట్టి పెట్టెలు కొనునపుడు మిక్కిలి పని పడిన వేళ ఎంత కరెంటు కావలెనో అడుగుడు. సందేశ భాగమునకు వేరు సరఫరా కలదేమో చూడుడు. మీ పొలమున వాడబోవు తీగతోనే పరీక్షింపజేయుడు. వనపర్తి రాజభవనమందలి పాలిటెక్నిక్కున చదువు మన పిల్లలకు ఈ పరీక్ష కష్టము కాదు.

2021 నాటి క్రొత్త కట్టుబాటు 240 వాట్ల వరకు ఇచ్చును. అచటను అడిగి పొందుటయే ధర్మము. ఉన్నంతలో వంతు తప్పక పంచుకొనుట మన పెద్దలు చెరువుల క్రింద నేర్పిన విద్య. దానిని యంత్రములు చేయు పిల్లలకు మీరును గుర్తుచేయుదురుగాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.