ఆదివారం పొద్దుటి బజారు

(మన సంఘం వార్షిక సమావేశంలో దిండి సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ పెద్దలు మాట్లాడారు. నన్ను మాత్రం ఏదైనా సరదా విషయం చెప్పమన్నారు. అందుకని బజారు గురించి చెబుతాను.

మా ఇంటావిడ పోయి రెండేళ్ళు దాటింది. అప్పటినుంచీ నేను బజారు మొహం చూడలేదు. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోనులో చెబితే కూరలు గుమ్మంలోకి వచ్చేవి. కష్టం లేదు, కానీ పలకరించేవాళ్ళూ లేరు. మొన్న మాఘమాసంలో ఒక శనివారం రాత్రి, ఒకప్పుడు మా ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసినాయన వచ్చి, "రేపు పొద్దున్నే పాలకొల్లు వెళుతున్నాం, సంచీ పట్టుకుని రండి" అన్నారు. అడగడం కాదు, ఆర్డరు వేశారు.

మా దిండి నుంచి పాలకొల్లు పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. ఒకప్పుడు వశిష్ఠ గోదావరి దాటాలంటే రేవులో పడుకోవలసిందే. చించినాడ వంతెన వచ్చాక ఆటోలో అరగంట పని. 2022లో జిల్లాలు మారాక గోదావరికి ఇవతల మాది కోనసీమ జిల్లా, అవతల వారిది పశ్చిమ గోదావరి. బజారుకి మాత్రం ఆ తేడా లేదు.

దిగగానే దిబ్బరొట్టి. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, ఇనప మూకుడులో మందంగా వేసి, కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తన. కొబ్బరి పచ్చడి వేస్తారు, కావాలంటే చెరుకు పానకం పోస్తారు. తొందరపడితే లోపల ఉడకదు. ఆ ఎదురుచూసే అరగంటలో ఇద్దరం పాత ఆఫీసు కబుర్లన్నీ తిరగేశాం. షుగరున్న మేం ఒక రొట్టి చెరిసగం చేసుకున్నాం. పానకం వాసన మాత్రమే చూశాం!

తరవాత క్షీరారామలింగేశ్వరస్వామి గోపురానికి దణ్ణం పెట్టుకుని బజారులో పడ్డాం. ఈ ఊరి వర్తకం నిన్నటిది కాదు. 17వ శతాబ్దంలోనే డచ్చివారు ఇక్కడ స్థావరం పెట్టుకుని బట్టలు కొని ఓడలకెక్కించేవారు. ఇప్పుడు ఎక్కువగా కనిపించేది కొబ్బరి. అటక మీద నెలల తరబడి ఉంచి, లోపలి నీరు ఇంకి, ఊపితే గుండు కదిలే కాయ కురిడీ. ఒక వర్తకుడు కాయని చెవి దగ్గర ఊపి, పగలగొట్టకుండానే మంచిచెడ్డా చెప్పేశాడు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు చూసిన నాకు ఆ నేర్పు రాలేదు.

కూరల వరసలో పనసపొట్టు కొట్టే ముసలమ్మ దగ్గర ఆగాం. చేతికి నూనె రాసుకుని, కత్తితో టకటకా కొడుతోంది. నన్ను చూసి కత్తి ఆపి, "ఆయ్, ఇన్నాళ్ళకి కనపడ్డారేటండీ! అమ్మగారు బాగున్నారా అండీ?" అంది.

నా నోట మాట రాలేదు. మా సూపరింటెండెంటుగారు పక్కకి తిరిగి వంకాయలు ఏరడం మొదలెట్టారు. ఆవిడ నా మొహం కేసి చూసి అర్థం చేసుకుంది. ఇంకేమీ అడగలేదు. పొట్టు పొట్లం కట్టి, పైన గుప్పెడు కరివేపాకు పెట్టి, "ఆవ పెడితే ఇష్టంగా తినేవారండీ ఆవిడ" అంది.

అయ్యా, రెండేళ్ళలో పరామర్శకి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆవిడకేది ఇష్టమో గుర్తుంచుకున్న మనిషి మాత్రం ఆ బజారులో కూర్చుని ఉంది, నేను వెళ్ళలేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఆవ పెట్టి పనసపొట్టు కూర నేనే వండాను. ఉప్పు ఎక్కువైంది. అయినా రెండుపూటలా తిన్నాను.

ఏటా మనం బ్రతికే ఉన్నామని ట్రెజరీకి సర్టిఫికెట్టు ఇస్తాం. వారానికోసారి బజారుకెళితే అది మనకి మనం ఇచ్చుకునే సర్టిఫికెట్టు.

అందుచేత నాదొక ప్రతిపాదన. నెలకి ఒక ఆదివారం మన సభ్యులు నలుగురైదుగురు కలిసి బజారుకి వెళదాం. కుటుంబ పెన్షను తీసుకుంటున్న అక్కచెల్లెళ్ళు కూడా రావాలి. ఎండెక్కకముందే తిరిగి వచ్చేద్దాం. మందులు వేసుకుని, ఇంట్లో చెప్పి, చిల్లర పట్టుకుని రండి. ఒంటరిగా ఉంటున్న సభ్యుణ్ణి "వస్తారా?" అని అడగకండి. ముందు రోజు వెళ్ళి, "సంచీ పట్టుకుని రండి" అని చెప్పండి. అడిగితే రారు, నేనూ వచ్చేవాణ్ణి కాదు.

నన్ను తీసుకెళ్ళిన పెద్దాయన ఈ సభలోనే ఉన్నారు. ఆయనకి నా నమస్కారం.