కొత్త ఇల్లు, పక్కింటి గోడ



2023 నవంబరులో పీఎం జన్‌మన్ పథకం మొదలైంది. ఇప్పుడు మన సవర గూడేల్లోనూ స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. సంతోషం. మీలో కొందరు రేపోమాపో పునాది తీస్తారు. ఇల్లు ఎలా కట్టాలో మేస్త్రి చెబుతాడు. పక్కింటివాళ్లను చూసుకుంటూ ఎలా కట్టాలో నేను చెబుతాను. ఎందుకంటే ఆ విషయంలో నేను తప్పు చేశాను.

మన పాత గూడెం గుర్తు చేసుకోండి. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో వీధి. ఇంటికీ ఇంటికీ నడుమ ఒకటే మట్టిగోడ. ముందు అరుగు ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మం దాకా. చోళ్లు ఆరబెట్టినా, అడ్డాకులు కుట్టినా అందరం ఒకరికొకరం కనబడేవాళ్లం.

పదేళ్ల కిందట నా ఇల్లు కూల్చినప్పుడు ఆ గోడ నాదే అనుకున్నాను. అటుపక్క పెద్దమ్మ ఇంటి దూలం కూడా దానిమీదే ఆనిందని ఆలోచించలేదు. గోడ తీసేసరికి ఆమె ఇల్లు ఒరిగింది. కర్రలు పోటుపెట్టి నిలబెట్టి, తడికలు కట్టి సరిపెట్టాను. నా పునాది మాత్రం మూడడుగులు లేపాను. మొదటి వానకే నా స్లాబు నీళ్లు గొట్టంలోంచి ఆమె వెనకగోడ మొదట్లో పడ్డాయి. గోడ నాని సగం కూలింది. పగలు కాబట్టి ప్రాణాలు దక్కాయి. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ రెండేళ్లు నా గడప తొక్కలేదు. గొట్టం వీధి కాలవలోకి తిప్పి, ఆమె గోడలు కట్టించి ఇచ్చాకే వచ్చింది.

'మా స్థలం, మా ఇష్టం' అని ఒక తమ్ముడు అనవచ్చు. స్థలం నీదే. కానీ నీ స్థలంలో పడిన వాన నీ స్థలంలోనే ఆగదు కదా!

అందుకే ముగ్గు పోసే ముందు రెండుపక్కల వాళ్లనూ పిలవండి. ఉమ్మడి గోడ ఉంటే దాని జోలికి పోకండి, మీ స్తంభాలు ఇవతలికి వేసుకోండి. తీయక తప్పకపోతే వానలకు ముందే, వాళ్ల దూలానికి వేరే ఆధారం నిలబెట్టాకే తీయండి. స్లాబు నీళ్లు ఎటు పోతాయో కాగితం మీద గీయించండి. మరుగుదొడ్డి గుంట బావికీ బోరింగుకీ కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. మనది కొండవాలు కాబట్టి, గుంట బావికి ఎగువన పడకుండా చూడండి. పక్కింటి ఆడవాళ్లు స్నానం చేసే వైపు కిటికీ పెట్టాల్సివస్తే తలకంటే ఎత్తులో పెట్టండి.

ఇంకొక్క మాట. ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు అని పథకం చెబుతుంది. ఉన్న చోటంతా గదులకే వాడి అరుగు మింగేయకండి. దానికి గ్రిల్లు బిగించకండి. పక్కింటి ముసలమ్మ వచ్చి కూర్చోవడానికి చోటు ఉంచండి.

ఈ వారంలోనే వెళ్లి పక్కింటివాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "నేను ఇల్లు కడితే మీకేం ఇబ్బంది?" వాళ్లు చెప్పింది విని, అప్పుడు మేస్త్రిని పిలవండి.

జోహార్. జై ఆదివాసీ.