పడి లేచిన యంత్రం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగపాఠం)

 

పావగడ పట్టణంలో ఎక్కడ నిలబడి తలెత్తినా కొండ కనిపిస్తుంది. పాలెగాండ్ర కాలపు కోటగోడలు దానిని చుట్టుకొని ఉన్నాయి. శనైశ్చరుని దర్శనానికి వచ్చే యాత్రికులలో చాలామంది దానిని క్రిందినుండి చూచి, దండం పెట్టి వెళ్లిపోతారు. ఆ కొండకు రెండు వందల యేండ్ల క్రిందట మరొక గౌరవం దక్కింది. భూమి ఆకారాన్ని, పరిమాణాన్ని కొలవడానికి దక్షిణాపథమంతటా సాగిన గొప్ప త్రికోణమితి సర్వేలో అది ఒక స్థానం. ఆ సర్వే పత్రాలలో ఆంగ్లేయులు దాని పేరును ‘పౌఘర్’ అని వ్రాసుకున్నారు. పేరు వంకరపోయినా లెక్క మాత్రం వంకరపోలేదు.

ఆ సర్వేకు నాయకుడు విలియం లాంబ్టన్. ఇంగ్లండులో యార్కుషైరు ప్రాంతంవాడు, సైనికుడు. 1799లో శ్రీరంగపట్టణం యుద్ధంలో పాల్గొన్నాడు. యుద్ధం ముగిసిన పిమ్మట దేశాన్ని కొలుస్తానని గవర్నరు జనరలుకు విన్నవించుకొని అనుమతి పొందాడు. 1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద నేలమీద గొలుసు పరచి కొలత ప్రారంభించాడు. నూరడుగుల ఉక్కుగొలుసుతో ఏడున్నర మైళ్లు కొలవడానికి 57 దినాలు పట్టింది. ఎండకు గొలుసు సాగుతుందని దానిని పెట్టెలలో ఉంచి, పైన గుడారపు నీడ పట్టి కొలిచారట. ఇప్పటి పిల్లలు పుస్తకంలో గీత గీయడానికి చూపే తొందర చూస్తే ఈ మాట చెప్పక తప్పదు.

అటువంటి గీతలను మాత్రమే నేలమీద కొలిచారు. తక్కిన దూరాలన్నీ కోణాల నుండి వచ్చినవే. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు లెక్కకు వస్తాయని ఉన్నత పాఠశాల పిల్లలకు తెలుసు. ఒక కొండమీద నిలిచి మరి రెండు కొండలను చూడడం, వాటి మధ్య కోణాన్ని తీసుకోవడం, ఆ త్రిభుజం భుజంమీద మరొక త్రిభుజాన్ని నిలపడం, ఇట్లా కొండనుండి కొండకు సాగిపోవడమే ఆ పని. కాబట్టి సర్వస్వమూ కోణాన్ని కొలిచే యంత్రంమీదనే ఆధారపడింది. దాని పేరు థియోడోలైట్. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి అది పెద్దన్న అనుకోవచ్చు. లండనులో విలియం కేరీ అనే పనిమంతుడు చేసిన ఆ యంత్రం బరువు అర టన్ను. దాని అడ్డచక్రం వ్యాసం మూడడుగులు. డజనుమంది మోస్తేగాని కదలదు. అది భారతదేశానికి వస్తున్నప్పుడే ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్ దీవికి తీసుకొనిపోయారు. అది శాస్త్రపరికరమని తెలిసి అక్కడి గవర్నరు మర్యాదగా మద్రాసుకు పంపించాడు. శత్రువుల మధ్య కూడ అటువంటి మర్యాద ఉండేది.

ఆ పరివారానికి ఇల్లు లేదు. గుడారమే ఇల్లు, దారియే కచేరి. సహాయకులు, జెండాలు పట్టేవారు, మోతగాండ్రు, ఎద్దులు, బళ్లు, అన్నీ కలిసి ఒక చిన్న ఊరే నడిచిపోతున్నట్లు ఉండేది. బెంగుళూరు మీదుగా మైసూరు సీమలో పని చేస్తూ, 19వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వారు పావగడ కొండ ఎక్కారు. అర టన్ను బరువును ఆ రాతి మెట్లమీద, బండలమీద ఎక్కించిన భుజాలు ఎవరివో ఏ పత్రంలోనూ లేదు. ఇక్కడి మోతగాండ్రు కూడ అందులో ఉండి ఉంటారని ఊహించడానికి అడ్డేమీ లేదు.

1808లో అసలు సంఘటన జరిగింది. సర్వే అప్పుడు తంజావూరు మైదానంలో ఉంది. అక్కడ కొండలు లేవు. చుట్టూ కొబ్బరితోటలు, తాటితోపులు. చూపు సాగాలంటే ఎత్తు కావాలి. సుమారు 216 అడుగుల ఎత్తుగల పెద్దగుడి శిఖరంకంటె ఎత్తైనది ఆ చుట్టుపట్ల మరొకటి లేదు. యంత్రాన్ని మోకులతో పైకి లాగుతున్నారు. కపిల తోలిన పెద్దలకు మోకు తెగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. యంత్రం గోడకు తగలకుండ ప్రక్కకు లాగిపట్టిన త్రాడు తెగింది. యంత్రం ఊగిపోయి గుడిగోడకు బలంగా కొట్టుకున్నది. పెట్టె పగిలింది. చక్రం వంకరపోయింది.

ఒక్క వెంట్రుకవాసి తేడా ఉన్నా పనికిరాని చక్రం అది. అటువంటిది మరొకటి రావాలంటే ఇంగ్లండునుండి ఓడలో రావాలి, నెలలు గడవాలి. అంతవరకు పరివారమంతా దారిలోనే నిలిచిపోవాలి. ఇక దానితో పని లేదనే ఎవరైనా అనుకుంటారు.

లాంబ్టన్‌కు అప్పటికి యాభై యేండ్లు దాటాయి. అతడు గుడారంలో కూర్చున్నాడు. యంత్రాన్ని భాగాలుగా విప్పాడు. ఒక పెద్ద చదునైన పలకమీద చక్రానికి ఉండవలసిన సరియైన కొలతతో వృత్తం గీశాడు. వంకరపోయిన చక్రాన్ని దానిమీద ఉంచి, చీలలతోను, మరలతోను, కప్పీలతోను కొద్దికొద్దిగా లాగుతూ ఆ గీతకు తెచ్చాడు. వంగిన ఆకులను చిన్న కొయ్యసుత్తులతో మెల్లగా తట్టి సరిచేశాడు. బండిచక్రానికి ఇనుపపట్టా వేసే వడ్రంగి, కమ్మరి పని చూచినవారికి ఇది బాగా అర్థమవుతుంది. అక్కడ ఎర్రగా కాల్చి, నీళ్లు పోసి ఒక్కసారిగా బిగిస్తారు. ఇక్కడ కాల్చరాదు, గట్టిగా కొట్టరాదు, తొందరపడరాదు. ఈ పనికి ఆరు వారాలు పట్టింది.

ఆరు వారాల తరువాత చక్రం ఇంచుమించుగా పూర్వరూపానికి వచ్చిందని ఆ చరిత్ర వ్రాసినవారు చెప్పారు. ఈ ‘ఇంచుమించు’ అనే మాటను దాటిపోగూడదు. పడినది పడనట్లుగా కాలేదు. మరి దానిని నమ్మడం ఎట్లా? యంత్రాన్ని అడిగి ప్రయోజనం లేదు, దాని పనిని పరీక్షించాలి. లాంబ్టన్ పద్ధతిలో ఆ పరీక్ష మొదటినుండీ ఉంది. కోణాల ద్వారా ఎంతో దూరం లెక్కకట్టుకొని వచ్చి, అక్కడ మళ్లీ ఒక గీతను నేలమీద గొలుసుతో కొలిచి, లెక్కకు వచ్చినదానితో పోల్చేవాడు. 1804లో బెంగుళూరు దగ్గర అట్లా కొలిచినప్పుడు ఏడున్నర మైళ్ల గీతలో తేడా 3.7 అంగుళాలు మాత్రమే. యంత్రం పడిన తరువాత కూడ అదే నియమం. 1809 నాటికి కన్యాకుమారి దగ్గరకు చేరారు. అక్కడినుండి మళ్లీ ఉత్తరానికి తిరిగి, 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరు ప్రాంతంలో నేలమీద గీతలు కొలిచారు. గుత్తి పావగడకు ఎంతో దూరం కాదు. 1823 జనవరి 20వ తేదీన నాగపూరుకు వెళ్లే దారిలో హింగన్‌ఘాట్ వద్ద, దారిలోనే, లాంబ్టన్ కన్నుమూశాడు. అప్పటికి డెబ్బయి యేండ్లు నిండి ఉండవచ్చు.

తరువాతి తరం వారు 1860 దశకం చివర మొదలుపెట్టి బెంగుళూరునుండి కన్యాకుమారి వరకు ఆ గీతను కొత్త పరికరాలతో మళ్లీ కొలిచారు. దీనివలన పాతపని వ్యర్థమైందని అనరాదు. పాతది లేకుంటే తిరిగి చూచుకోవడానికి గీతయే ఉండేది కాదు.

యంత్రం సంగతి ఇది. మరి మనుష్యులు పడితే? లాంబ్టన్ సహాయకుడైన జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల మధ్య అడవులలో పనిచేస్తూ విషజ్వరం పాలైనాడు. అతని పరివారంలో కొందరు ఆ జ్వరంతోనే మరణించారు. ఎవరెస్టును హైదరాబాదుకు చేర్చి, ఆరోగ్యం కోసం 1820లో ఆఫ్రికా దక్షిణపు కొసకు పంపారు. తిరిగివచ్చిన తరువాత కాళ్లుచేతులు స్వాధీనం తప్పిన రోజులు వచ్చాయి. ఇద్దరు పట్టుకొని కూర్చుండబెడితే నక్షత్రాలను చూచి వ్రాసుకున్నాడు. 1825లో స్వదేశానికి పోయి, 1830లో సర్వేయరు జనరలుగా మళ్లీ వచ్చాడు. హిమాలయ శిఖరానికి పెట్టిన పేరు ఇతనిదే. అతనికి కోలుకొనడానికి అయిదేండ్లు దొరికాయి. అదే కాలంలో కర్నల్ మెకంజీ మైసూరు సర్వేలో, దారులవెంట శాసనాలు, కైఫియతులు సేకరించిన తెలుగువాడు, ఏలూరు కావలి వెంకట బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే మరణించాడు. అతని పనిని తమ్ముడు లక్ష్మయ్య ఎత్తుకున్నాడు. ఎవరెస్టు పరివారంలో జ్వరంతో పోయిన మోతగాండ్రకు పేర్లు కూడ మిగలలేదు.

యంత్రానికి ఆరు వారాలు, అధికారికి అయిదేండ్లు. పరంజామీదనుండి జారిన తాపీపనివానికి ఎంతకాలం? ఈ తాలూకాలో వానలు సరిగా లేని సంవత్సరం సంసారాలు బెంగుళూరు దారి పడతాయి. చుట్టూ ఆంధ్ర సీమ ఉన్న ఈ తాలూకా ప్రజలకు హద్దు దాటడం కొత్తగాదు. మడకశిర, హిందూపురం ప్రక్కయిల్లే. లారీలమీద, కట్టడాల దగ్గర, రేకుల షెడ్లలో వారి బ్రతుకు. అక్కడ ఒకరు పడితే, మరునాడు ఆ స్థానంలో మరొకరు ఉంటారు. పడినవాడు మంచం పట్టి ఊరికి వస్తాడు. అతనితోపాటు పిల్లలు బడికి వస్తారు.

ఈ చివరి వాక్యం బడివారికి బాగా తెలిసినదే. వచ్చిన పిల్లకు నాలుగు నెలల పాఠం పోయి ఉంటుంది. ఎక్కం చెప్పమంటే నేల చూస్తుంది. ‘ఇక ఈమెకు చదువు రాదు’ అనడం సులభం. యంత్రాన్ని చూచి ఇక పనికిరాదు అనడంకూడ అంత సులభమే. 2009 విద్యాహక్కు చట్టంలోని 4వ విభాగం అటువంటి పిల్లను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, తోటివారితో సమానంగా నడవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని చెప్పింది. చట్టం చెప్పింది కాబట్టి కాగితంమీద జరుగుతుంది. గీతకు తెచ్చే పని మాత్రం కొయ్యసుత్తితో, మెల్లగా, ఒక ఉపాధ్యాయిని చేతిమీదుగానే జరగాలి. గట్టిగా కొడితే మరింత వంగుతుంది. సరిచేశాము గదా అని వదలివేయనూ గూడదు. గుత్తిలో ఒకమారు, బీదరులో ఒకమారు కొలిచినట్లు, నెలకొకసారి కూర్చుండబెట్టి ఎంతవరకు వచ్చిందో చూడాలి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పనులకు తరలిపోయే ముందురోజు బడికి వచ్చి ఒక్కమాట చెప్పి వెళ్లండి. పుస్తకాలు మూటలో పెట్టుకొనిపోండి. ఎప్పుడు తిరిగివచ్చినా, పంట మధ్యలోనైనా, పరీక్షల ముందైనా, వచ్చిన దినమే పిల్లలను పంపండి. ఆలస్యమైందని వెనుదీయవద్దు.

లాంబ్టన్ యంత్రం ఇప్పుడు డెహ్రాడూనులో సర్వే ఆఫ్ ఇండియా వారి సంరక్షణలో ఉంది. సైన్యంలోను, ఉత్తరదేశపు ఉద్యోగాలలోను ఉన్న పూర్వ విద్యార్థులకు అటువైపు వెళ్లే సందర్భం కలిగి, దానిని చూచే వీలు దొరికితే, ఆ చక్రం ఎట్లా ఉందో ఈ బడి పిల్లలకు ఒక కార్డు వ్రాయగలరు. సెలవు.