పెరట్లో పురుడు



కుక్క పురుడు గురించి రేడియోలో మాట్లాడుతున్నానంటే ముందు మా ఇంట్లోనే నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, గడచిన చలికాలంలో నస్పూర్ కాలనీలోని మా క్వార్టరు పెరట్లో జరిగింది మీకు చెప్పాలనే నా ఆశ. మీ గుమ్మం ముందుకూ ఒకరోజు అలాంటి చుట్టం రావచ్చు కదా!

మంచిర్యాల నుంచి చెన్నూరు వెళ్లే రోడ్డు మీద లారీ తగిలి, వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చిందది. మామూలు ఊరకుక్క, ఎర్రనిది. కడుపు నేలకు ఆనుతోంది. కాలికి కట్టు కట్టిన పశువుల డాక్టరు పొట్ట తడిమి చూసి, "రెండు వారాల్లో ఈనుతుందమ్మా, అందాకా ఎవరైనా ఇంట్లో ఉంచుకోవాలి" అన్నాడు. ఆ 'ఎవరైనా' నేనే అయ్యాను. పెంచుకోవడానికి కాదు సుమండీ. పిల్లలు పెరిగి తలో ఇంటికి చేరేదాకా ఉంచుకోవడానికే.

కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే తొమ్మిది వారాలు. మనలాగే దానికీ చివరి రోజుల్లో ఒక్కసారిగా ఎక్కువ తినబుద్ధి కాదు. కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టాలి. అన్నంలో ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారం లేని కోడిమాంసం, బొక్కలు తీసేసి పెట్టేదాన్ని. ఉల్లిపాయ మాత్రం కుక్కకు విషమే. మన మిగిలిన కూర వేసేముందు అది గుర్తుంచుకోండి.

పూర్వం బొగ్గులు పోసుకున్న కొట్టంలో పెద్ద అట్టపెట్టె పెట్టి, పాత చీరలు పరిచాను. డాక్టరు చెప్పిన గుర్తు ఒకటుంది. కుక్క ఒళ్లు మామూలుగా 101, 102 డిగ్రీల వేడి ఉంటుంది. అది 99 కంటే దిగిందంటే సాధారణంగా ఒక రోజులోపల ఈనుతుంది. నేను పొద్దునా సాయంత్రం చూస్తూనే ఉన్నాను. అలాగే జరిగింది. రాత్రి పదింటికి మొదలై తెల్లవారేసరికి ఆరు పిల్లలు. మా ఆయన రాత్రి షిఫ్టు నుంచి వచ్చేసరికి నేనింకా అక్కడే కూర్చుని ఉన్నాను. తల్లి గట్టిగా నొప్పులు తీస్తున్నా అరగంట దాటి పిల్ల రాకపోయినా, ఇంకా పిల్లలుండగానే ఒక దానికీ మరో దానికీ మధ్య రెండు గంటలు దాటినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మాకా అవసరం రాలేదు. మాయ పొరలు అదే చింపింది, బొడ్డు అదే కొరికింది. మన చేయి అడ్డం పెట్టకుండా ఉంటే చాలు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మూడో రోజు ఉదయం ఒక పిల్ల గుంపు నుంచి విడివడి చల్లగా పడి ఉంది. ఆకలేసిందేమోనని కంగారుపడి, ఆవుపాలు కాచి చుక్కలు చుక్కలుగా నోట్లో పోశాను. సాయంత్రానికి చనిపోయింది. తర్వాత తెలిసింది. పుట్టిన కొత్తలో పిల్లలకు తమ ఒంటిని తాము వెచ్చగా ఉంచుకునే శక్తి ఉండదు. చల్లబడ్డ పిల్ల కడుపు పాలను అరిగించుకోలేదు, ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ముందు వెచ్చబరచాలి. వేడినీళ్ల సీసాకు బట్ట చుట్టి పక్కన పెట్టాలి, లేదా మన ఒంటికి ఆనించుకోవాలి. ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు. అదీ తల్లి దగ్గరే, ముందుగా ముర్రుపాలు. ఆవుపాలు కుక్కపాలంత చిక్కగా ఉండవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.

ఆ తర్వాత రోజూ వంటింటి త్రాసులో మిగిలిన ఐదింటినీ తూచేదాన్ని. రోజురోజుకూ బరువు పెరగాలి. ఏది ఏదో తెలియడానికి నుదుట పసుపు బొట్టు పెడితే, తల్లి అరగంటలో నాకేసేది! పది పన్నెండు రోజులకు కళ్లు తెరిచాయి. రెండు వారాలకు నులిపురుగుల మందు మొదలు. పాలిచ్చే తల్లి వణుకుతున్నా, తూలుతున్నా, ఆగకుండా ఒగరుస్తున్నా సున్నపు ధాతువు తగ్గిందేమో, తెల్లవారేదాకా ఆగకండి.

పక్కింటి వదినెకు మొదటినుంచీ ఇష్టం లేదు. "ఏందక్కా, కుక్కను ఇంట్ల పెట్టుకున్నవ్? మా ఆయన నైట్ చేసొచ్చి పగలు పండుకుంటడు, ఆ కుయ్ కుయ్‌కి నిద్ర పడ్తదా? రేపు మా పిల్లల్ని కరిస్తే?" అంది. అన్యాయంగా అన్నదేమీ కాదు. గనిలో రాత్రంతా పనిచేసి వచ్చినవాడి నిద్ర ఎంత విలువైనదో మా కాలనీ ఆడవాళ్లకు వేరే చెప్పాలా? పెట్టెను ఇంటి అవతలి గోడ వైపుకు మార్చాను. బాలింత కుక్క పిల్లల్ని కాపాడుకోవడానికి కరవగలదు కాబట్టి చిన్నపిల్లల్ని రానివ్వలేదు. ఒకవేళ కరిస్తే పసుపూ సున్నం పూయకుండా సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకాకు వెళ్లాలని ఆమెతో కూర్చుని మాట్లాడాను.

ఆదిపర్వంలో సరమ కథ చదివారుగా? జనమేజయుడి తమ్ముళ్లు తన పిల్లను ఊరకే కొట్టారని రాజు దగ్గరికే వెళ్లి అడిగిన కుక్క తల్లి. మా ఎర్రదానికి అంత మాటకారితనం లేదు. నా వైపు చూసేదంతే.

ఎనిమిది వారాలకు అసలు పరీక్ష వచ్చింది. మూడు మగపిల్లలూ వారంలో వెళ్లిపోయాయి. ఒకదాన్ని శ్రీరాంపూర్ వాళ్లు, ఒకదాన్ని సీసీసీ వాళ్లు, మరొకదాన్ని మా పాలవాడు తీసుకెళ్లారు. మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలని మరీమరీ చెప్పి పంపాను. మిగిలినవి రెండూ ఆడవి. వచ్చినవాళ్లు ముద్దు చేస్తారు, ఎత్తుకుంటారు, తిప్పి చూస్తారు. "ఆడదా? వద్దమ్మా" అని దించేస్తారు. ఆ మాట నాకు కొత్తది కాదు. మా అమ్మకు నేను మూడో ఆడపిల్లను.

వాళ్ల భయమూ తెలియనిది కాదు. ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది, ఈనిన ప్రతిసారీ ఐదారు. దానికి ఆపరేషన్ ఉంది. 2023లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, పట్టుకున్న చోటే తిరిగి వదలడం స్థానిక సంస్థల బాధ్యత. రాసిన చోటల్లా జరుగుతుందని నేననను. నేను మూడుసార్లు తిరిగాను. చివరికి పాలు ఎండాక చీటీ పాట డబ్బుల్లోంచి తీసి తల్లికి ఆపరేషన్ చేయించాను. కాలు కొద్దిగా కుంటుతుంది గానీ ఇప్పుడది హాయిగా కాలనీ గేటు దగ్గరే ఉంటోంది. పక్కింటి వదినె వాళ్ల ఆయన షిఫ్టుకు పోతూ బిస్కట్టు వేస్తాడు. వదినెకు తెలియదనుకుంటాడు!

ఆడపిల్లల్లో ఒకదాన్ని రిటైరైన ఒక కార్మికుడి భార్య తీసుకుంది, ఆపరేషన్ ఖర్చులో సగం నాదన్న షరతు మీద. రెండోది ఇంకా మా పెరట్లోనే ఉంది. వచ్చే నెలకు ఆరు నెలలు నిండుతాయి, డాక్టరును తేదీ అడిగి వచ్చాను. మంచిర్యాల చుట్టుపక్కల మీలో ఎవరికైనా కావాలంటే వచ్చి చూడండి. ఆడదే. ముందే చెబుతున్నాను.