అనంతగిరి దారిలో సైకిలుపై ఒక పగలు

శృంగవరపుకోటనుండి అరకులోయకు పోవు కొండదారిని మోటారులో పోయినవారు మన శ్రోతలలో పెక్కుమంది యుందురు. కిటికీలోనుండి లోయ యొక నిమిషము కనబడును. మలుపు తిరుగగనే మాయమగును. ఆ దారినే సైకిలుపై పోయినచో లోయ అంత త్వరగా మనలను విడువదు. అరగంటసేపు అదే కొండ, అదే వాగు, ఆవలి గట్టున అదే బూరుగుచెట్టు ప్రక్కనే యుండును. కొండ యెంత పెద్దదో కంటికంటె ముందు మోకాళ్ళకు తెలియును.

కార్తికమాసములో నొకనాడు తెల్లవారుజామున అయిదు గంటలకు మేమైదుగురము కోటలో బయలుదేరితిమి. పోవలసిన దూరము 60 కిలోమీటర్లకు పైగా నుండెను. మాలో పెద్దవారు ఉద్యోగవిరమణ చేసిన యొక ఉపాధ్యాయులు. వయస్సు 61. ఈ ప్రయాణము వలదని ఇంటిలో అందరును వారించినను వినక వచ్చినవారు. చీకటి పడకమునుపే వారిని అరకు చేర్చవలెనన్న చింత మా నలుగురికిని దినమెల్ల ఉండెను.

బొడ్డవర వరకు దారి చదునుగా కోతకు వచ్చిన వరిచేల నడుమ పోవును. అది ఇట్టే గడచినది. ఆ తరువాత ఎక్కుడు మొదలు. నేటి సైకిళ్ళకు గొలుసును ఒక పండ్లచక్రమునుండి మరియొకదానికి మార్చు ఏర్పాటు కలదు. ముందు చిన్నది, వెనుక పెద్దది పట్టినచో కాలు తేలికగా తిరుగును. బండి మాత్రము నడకకంటె కొంచెమే వేగముగా పోవును. చేయవలసిన పని తగ్గదు. దానిని చిన్న ముక్కలుగా పంచి యిచ్చుటయే గేరు చేయు ఉపకారము. తొక్కువాడు ఖర్చుచేయు శక్తిలో సుమారు నాలుగవవంతే చక్రమునకు చేరును; తక్కినదంతయు వేడియై పోవును. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మా చొక్కాలు టైడా చేరకమునుపే తడిసినవనిన వింత యేమి?

దారికై చెక్కిన చరియలలో తుప్పుపట్టినట్లు ఎఱ్ఱగా కనబడు రాతికి ఖోండలైటని పేరు. 1902లో వాకరను భూగర్భశాస్త్రవేత్త ఈ తూర్పుకనుమలలోని ఖోండుల పేర దానిని పిలిచెను. ఆవలి కొండపై కొత్తవలస-కిరండూలు రైలుమార్గము గీత గీచినట్లుండెను. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖరేవునకు తెచ్చుటకై 1960లలో వేసిన మార్గమది. ఒక గూడ్సుబండి సొరంగమున దూరగానే దాని మ్రోత తెగిపోయెను. ధ్వనినే నమ్ముకొని బ్రతుకు మాబోంట్లకు ఆ నిశ్శబ్దము మిక్కిలి నచ్చినది. అట్టిదానిని ప్రసారము చేసినచో యంత్రము చెడినదని శ్రోతలు ఉత్తరములు వ్రాయుదురు!

డముకు దాటిన తరువాత మాస్టారుగారికి పిక్క పట్టుకొనెను. కండరము రాయివలె బిగిసెను. వారు దిగి గట్టుపై కూలబడిరి. వెనుకనే వచ్చిన జీపువాడు బండితోకూడ ఎక్కించుకొందుననెను. ఎక్కుడని మేమును అంటిమి. వారు తల యూపలేదు. ప్రక్కన చిన్న పాకలో వెదురుబొంగులను నిప్పులపై త్రిప్పుచున్న ముసలమ్మ, "ఎక్కడికెల్తారు బాబూ, ఈ సైకిళ్ళతోటి?" అని అడిగి, జవాబు వినకయే ఉప్పు వేసిన చోడి అంబలి తెచ్చి యిచ్చెను. వారు రెండు గ్లాసులు త్రాగిరి. జీపు వెడలిపోయెను. వారి సంచిలోని బరువును మేము పంచుకొంటిమి. పిదప రెండు కిలోమీటర్లు అందరమును బండ్లు నెట్టుకొనుచు నడచితిమి. ఆ నడకలో ఎవ్వరమును మాటలాడలేదు. తరువాత వారే ముందుగా ఎక్కి తొక్కసాగిరి.

అనంతగిరి ప్రాంతమున సిల్వరుఓకు చెట్ల నీడలో కాఫీతోటలు, చెట్లను అల్లుకొన్న మిరియపు తీగెలు. కాయలు పండి ఎఱ్ఱబడినవి. గిరిజన స్త్రీలు బుట్టలతో కోయుచుండిరి. 2019లో అరకు కాఫీకి భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. బొర్రాగుహలకు పోవుటకు మాకు వ్యవధి లేకపోయెను. భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియు గోస్తని ఆ గుహలనుండియే వచ్చును. బొర్రా ప్రాంతపు గనుల విషయమై నడచిన సమత వ్యాజ్యములోనే, షెడ్యూల్డు ప్రాంతపు ప్రభుత్వభూములను సైతము గిరిజనేతరులకు గనులకై కౌలుకీయరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. దారిప్రక్కన ఆ బుట్టలను చూచినపుడు ఆ తీర్పు కాగితముపైని మాటగా తోచదు.

గాలికొండవద్ద పేరునకు తగినట్లే చలిగాలి కొట్టెను. మంచు దిగి, పది గజముల ముందున్న వాని వెనుకదీపము మాత్రమే కనబడుచుండెను. ఇక సుంకరమెట్టవైపు దిగుడు. కాళ్ళకు విశ్రాంతియే గాని వ్రేళ్ళకు లేదు. బ్రేకు నొక్కి నొక్కి అవి కొయ్యబారినవి. మాస్టారుగారిని నడుమ నుంచుకొని, మలుపు మలుపునకు కేకవేసికొనుచు దిగితిమి.

మంచు విడువగనే లోయ కనబడెను. వలిసెచేలు పూచి యున్నవి. సాయంకాలపు ఎండ పోయినను ఆ పసుపు ఇంకను వెలుగుచునే యుండెను. ఆరు గంటలు కాకమునుపే అరకు చేరితిమి. మాస్టారుగారు ఇంటికి ఫోను చేసి రెండే మాటలు చెప్పిరి. పిమ్మట సైకిలుప్రక్కన గొంతుకూర్చుండి, అరిగిన బ్రేకుదిమ్మలను వ్రేలితో తడిమి, "రేపటి దిగుడునకు ఇవి చాలునా?" అని మమ్ము అడిగిరి.