గొట్టము ఉన్న రోగియెడల మన బాధ్యత
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగము)



రోగులను దర్శించు మాకు ఒక వస్తువు తరచుగా కనబడుచున్నది. కేన్సరు చికిత్స పొందుచున్న కొందరికి మోచేతికి పైన సన్నని గొట్టము ఉండును. దానిని పిక్ లైను అందురు. మరికొందరికి రొమ్ముపై చర్మము క్రింద రూపాయి బిళ్లంత ఉబ్బు కనబడును. అది కీమో పోర్టు. రెండింటి కొనయు గుండెకు చేరువనున్న పెద్ద సిరలో ఉండును. ఘాటైన మందులు చేతి నరములను పాడు చేయును గనుక వైద్యులు ఈ మార్గము ఏర్పరచిరి. సియాటిల్ నగర వైద్యుడు హిక్‌మన్ ఇట్టి గొట్టము నొకదానిని గూర్చి 1979లో ప్రకటించెను.

అయితే మేలు వచ్చు మార్గముననే కీడును రావచ్చును. క్రిములు గొట్టము వెంట నేరుగా రక్తములోనికి పోగలవు. మందుల వలన తెల్ల కణములు తగ్గిన రోగికి అది గంటలలోనే ప్రాణాపాయము.

ఒక శనివారము రాత్రి మన సంఘములోని ఒక తల్లికి చలి, వణుకు, జ్వరము వచ్చి మమ్మును పిలిపించిరి. మేము ప్రార్థించి, జ్వరపు మాత్ర ఇచ్చి, "రేపు ఆరాధన అయిన తరువాత చూతము లెమ్మా" అంటిమి. ఆదివారము మధ్యాహ్నమునకు ఆమె స్పృహ తప్పెను. దేవుని కృపను బట్టి, వైద్యుల శ్రమను బట్టి ఆమె బ్రదికెను. గొట్టము మాత్రము తీసివేయవలసి వచ్చెను. ప్రార్థించుట తప్పు కాదు. ప్రార్థించి బండిని పిలువకపోవుట మా తప్పు.

గనుక జ్వరము 100.4 డిగ్రీలకు చేరినను, గొట్టములో మందు ఎక్కించిన పిమ్మట వణుకు పుట్టినను, అర్ధరాత్రియైనను ఆస్పత్రికి తీసికొనిపోవలెను. మాత్ర జ్వరమును కప్పిపుచ్చును. అక్కడ గొట్టము నుండియు, చేతి నుండియు రక్తము తీసి పరీక్షకు పంపి, వెంటనే యాంటీబయోటిక్ మందు ఆరంభింతురు. ప్రతిమారు గొట్టము తీయనక్కరలేదు. క్రిమిని బట్టి నిర్ణయింతురు.

చేయి గాని మెడ గాని వాచినయెడల లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. స్కానింగు చేసి, రక్తము పలుచబడు మందు సాధారణముగా మూడు నెలలకు తక్కువ కాకుండ ఇత్తురు. గొట్టము మూసికొనిపోయిన, సిరంజితో బలముగా నెట్టరాదు. మందు ఎక్కుచుండగా మంట పుట్టిన వెంటనే నర్సుకు చెప్పవలెను. గొట్టము తెగినయెడల, తెగిన చోటికిని ఒంటికిని మధ్య మడిచి గట్టిగా పట్టుకొని బయలుదేరవలెను. పిక్ లైను కట్టును వారమున కొకమారు, తడిసిన వెంటనే, నర్సుచే మార్పించవలెను. చూడవచ్చు మనము చేతులు కడుగుకొందము.

ఈ శతవార్షిక సంవత్సరమున మా మనవి ఒక్కటే. ప్రతి సంఘములోను బండి యున్నవారు ఇద్దరు ముగ్గురు తమ పేర్లు అయ్యగారికి ఇయ్యవలెను. అర్ధరాత్రి పిలిచినను లేచి వచ్చువారు మనకు కావలెను.