గుఱ్ఱపుస్వారి - మన యువజనులు

గోలకొండకు పడమట, కొలది మైళ్ళ దూరమున నానక్‌రామ్‌గూడ యున్నది. ఒకప్పుడు ఆశ్వికులు మెలగిన ఈ సీమలో నేడు అద్దాల మేడలే కానవచ్చును. ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకమునందలి మూడు విగ్రహములలో నొకటి హైదరాబాదు ఆశ్వికదళమునకు చిహ్నము. అట్టి నగరమున స్వారి నేర్వ మొదలిడిన పిల్లలలో పోటీలదాక నిలుచువారు కొలదిమందియే.

దీనికి ధైర్యము కొఱవడుట కారణమని మేము తలంపము. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలయందు మన జట్టు డ్రెస్సాజ్‌లో, అనగా గుఱ్ఱముచే లయబద్ధముగ అడుగులు వేయించు పోటీలో, స్వర్ణము గెలిచెను. 1982 తరువాత అశ్వక్రీడలలో మనకు దక్కిన మొదటి స్వర్ణమది. గెలిచిన సుదీప్తి, దివ్యకృతి, హృదయ్, అనూష్ నలుగురును యౌవనులే. అయితే వారు ఐరోపాలో ఏండ్లతరబడి శిక్షణ పొందవలసివచ్చెను.

చిక్కంతయు పోషణమునందున్నది. బంతికి గాలి చాలును. గుఱ్ఱమునకు మేత, లాడము, మాలీసు, వైద్యము నిత్యము కావలెను. ఈ భారము ఒక్క కుటుంబము మోయలేదు. ఉద్యోగము దొరకగనే యువకుడు కళ్ళెము విడుచుచున్నాడు.

పశువైద్య కళాశాలల ఎన్.సి.సి. దళములలో విద్యార్థులు స్వారితోబాటు అశ్వసంరక్షణమును నేర్చుచున్నారు. నాలుగైదు పాఠశాలలు కలిసి యొక గుఱ్ఱపుసాలను నడిపినచో ఖర్చు పంచుకొనవచ్చును. పిల్లలును జీనుకంటె ముందు మేతబుట్ట పట్టుట నేర్తురు. మేత పెట్టిన చేయి కళ్ళెమును సులభముగ విడువదు.